‘కొన్ని ఒడిదుడుకుల తర్వాత’

చిరంజీవి తమ్ముడికి,

ఇంగ్లండ్‌లో అక్రింగ్టన్ స్టాన్లీ అనే ఫుట్‌బాల్ జట్టును నడిపించిన జాన్ కోల్‌మన్ గురించి నువ్వు పంపిన జీవితకథ అందింది. భాష బాగుంది. ఐదో పేజీ దాకా హాయిగా చదివాను. అక్కడ ఒక వాక్యం దగ్గర కాగితాలు బల్ల మీద పడేసి లేచిపోయాను. ‘కొన్ని ఒడిదుడుకుల తర్వాత కోల్‌మన్ 2014లో మళ్ళీ అక్రింగ్టన్ స్టాన్లీకి వచ్చాడు’ అని రాశావు.

ఆ ఒడిదుడుకులు ఏమిటో నీకు తెలియక కాదు. కిర్క్‌బీలో పుట్టిన ఒక బడిపంతులు 1999లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ నిచ్చెన ఏడో మెట్టు మీదున్న క్లబ్బును చేపట్టి, 2006కల్లా నాలుగో మెట్టు ఎక్కించాడు. అప్పుల పాలై 1962లో సీజన్ మధ్యలోనే లీగ్ నుంచి, అంటే పై నాలుగు మెట్ల నుంచి, మాయమైన పేరు అది. అప్పుడు ఆ ఖాళీలోకి వచ్చిన ఆక్స్‌ఫర్డ్ యునైటెడే, 2006లో అక్రింగ్టన్ పైకి వస్తుంటే కిందికి దిగిన రెండు జట్లలో ఒకటి. దీన్ని నువ్వు చక్కగా పట్టుకున్నావు.

అలాంటి మనిషి 2012 జనవరిలో, పన్నెండేళ్ళు వేళ్ళూనుకున్న చోటు వదిలి, సహాయకుడు జిమ్మీ బెల్‌ను వెంటబెట్టుకుని రోచ్‌డేల్ వెళ్ళాడు. ఆ సీజన్‌లోనే రోచ్‌డేల్ కింది డివిజన్‌కు పడిపోయింది. మరుసటి జనవరిలో ఉద్యోగం పోయింది. తర్వాత లీగ్ బయట ఉన్న సౌత్‌పోర్ట్, కొన్ని నెలలు. ఆ తర్వాత సముద్రం దాటి ఐర్లండ్‌లో స్లైగో రోవర్స్, అక్కడా నెలలే. యాభై దాటిన మనిషికి, పొద్దున లేచి శిక్షణకు వెళ్ళే పని లేని మొదటి రోజు ఎలా గడిచి ఉంటుంది? కనుక్కునే ప్రయత్నం చేశావా? దొరక్కపోతే ఆ ఊళ్ళ పేర్లయినా వరసగా రాయి. రోచ్‌డేల్, సౌత్‌పోర్ట్, స్లైగో. పాఠకుడు ఆ పేర్ల దగ్గర ఆగుతాడు.

ముప్ఫై ఏళ్ళ క్రితం మా ఊరి వాలీబాల్ కోచ్ గురించి ఒక వారపత్రికకు రాశాను. ఉద్యోగం ఊడి నాలుగేళ్ళు బావమరిది ఎరువుల కొట్లో లెక్కలు రాస్తూ, సాయంత్రాలు పిల్లలకు ఊరికే ఆట నేర్పిన మనిషి ఆయన. రెండు పేజీలు ఆ నాలుగేళ్ళకే ఇచ్చాను. సంపాదకుడు రెండు పేజీలూ కొట్టేసి, ఎర్ర సిరాతో ‘కొన్ని ఒడిదుడుకుల అనంతరం’ అని చేర్చాడు. పాఠకులకు స్ఫూర్తి కావాలట. అచ్చయిన సంచిక పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య వంటింటి గుమ్మంలో నిలబడే చదివి, “ఆ నాలుగేళ్ళూ మేము బతకలేదా బాబూ?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ ‘ఒడిదుడుకుల’ మాట మళ్ళీ నా కలం నుంచి రాలేదు. ఎవరు రాసినా ఒళ్ళు మండుతుంది. ఇప్పటి పత్రికలు జీవితకథ పక్కన ‘విజయ సూత్రాలు’ కూడా అడుగుతున్నాయి. అడిగినా ఇవ్వకు.

2016 మే 7 గురించి రాసిన పేరా మాత్రం నన్ను కదిలించింది. సీజన్ చివరి రోజు. స్టీవనేజ్‌తో అక్రింగ్టన్ 0-0. ఎక్కడో బ్రిస్టల్‌లో రోవర్స్ జట్టు 92వ నిమిషంలో గోల్ వేసింది. ఇద్దరికీ 85 పాయింట్లే, గోల్స్ తేడాతో వాళ్ళు పైకి వెళ్ళారు. పైకి వెళ్ళే చివరి చోటు కోసం ఆడే ప్లేఆఫ్‌లో వింబుల్డన్ చేతిలో అక్రింగ్టన్ కథ ముగిసింది. ఆ పేరాలో నువ్వు తొందరపడలేదు. అంత ఓపిక ఉన్నవాడివి, స్లైగోను ఎలా వదిలేశావు?

2018లో నాలుగో మెట్టైన లీగ్ టూలో విజేతగా నిలిచి మూడో మెట్టు ఎక్కడంతో నీ కథ ఆపేశావు. 2023లో జట్టు మళ్ళీ కిందికి దిగింది. 2024 మార్చిలో కోల్‌మన్‌ను తొలగించారు. ఈ రెండూ చేర్చు. మధ్యలో దాటేసిన ఆ మూడు ఊళ్ళకూ ఒక్కో పేజీ రాసి పంపు. ప్రచురణకర్తల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. వచ్చే నెలాఖరు దాకా ఊళ్ళోనే ఉంటాను.

ఆశీస్సులతో