ఏఆర్‌టీ మొదలయ్యాక బాబు బరువు పెరిగాడు, ఎత్తు పెరగలేదు: మందు పనిచేస్తున్నట్టేనా?

మీ ఏడేళ్ల మనవడు ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ వైరస్‌ను అణచే మందుల చికిత్స) మొదలైన ఎనిమిది నెలల్లో బరువు పుంజుకున్నా ఎత్తు పెరగలేదని, మందు ఒంటికి పట్టడం లేదేమోనని మీరు అడిగారు. మా అక్క పోయాక ఆమె కూతురిని మేమే పెంచుతున్నాం. ఆ పాపకు ఆరో ఏట మందులు మొదలయ్యాయి. ఏడాది తిరిగేసరికి బడి గౌను నడుము దగ్గర బిగుతైంది గాని, దాని అంచు మాత్రం ఎప్పటిలాగే మోకాళ్ల కిందే ఉండేది.

వైరస్ అదుపు తప్పి ఉన్నంతకాలం శరీరం దానితో పోరాడటానికే శక్తిని ఖర్చు చేస్తుంది. దానికి నోటిపూత, విరేచనాలు, క్షయ తోడైతే ఆకలి కూడా చచ్చిపోతుంది. మందు వైరస్‌ను అణచగానే ముందు బరువు కోలుకుంటుంది, ఎత్తుకు మాత్రం ఏళ్లు పడుతుంది. పసితనంలోనే చికిత్స అందిన పిల్లలు ఎత్తును బాగా అందుకుంటారు. ఆలస్యమైన వారిలో కొంత లోటు మిగిలిపోవచ్చు. అయితే ఈ పిల్లలకు యుక్తవయసు తరచుగా ఆలస్యంగా వస్తుంది కనుక, ఎదిగే కాలం కూడా మరికొన్నాళ్లు సాగుతుంది. మా పాప పదమూడో ఏడు దాటాకే చెప్పుకోదగ్గంతగా పొడవైంది.

మందు పనిచేస్తోందో లేదో చెప్పేది వైరల్ లోడ్ పరీక్ష, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష. ఆరు నెలలకు చేయవలసిన ఆ పరీక్ష మీ బాబుకు జరగకపోతే ఈసారి తప్పకుండా అడగండి.

అంతకన్నా ముఖ్యంగా, మందుకు వెళ్లిన ప్రతిసారీ బాబును వెంట తీసుకెళ్లి బరువు చూపించండి. పిల్లల మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి మారుతుంది. ఉదాహరణకు 14 కిలోల నుంచి 20 కిలోల లోపు పిల్లలకు నీళ్లలో కరిగే 10 మిల్లీగ్రాముల డోలుటెగ్రవిర్ (ఏఆర్‌టీలో ఇచ్చే ఒక మందు) బిళ్లలు రోజుకు రెండున్నర ఇస్తారు. 20 కిలోలకు చేరితే 50 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి. బాబు బరువు పెరిగాడని మీరే అంటున్నారు కదా, పాత మోతాదే నడుస్తోందేమో డాక్టరు గారిని అడగండి.

ఎత్తు పెంచుతాయని అమ్మే పొడులకు డబ్బు పోయకండి. రోజూ గుడ్డు, పప్పు, వేరుశనగలు పెట్టండి. పెరుగుతున్న బరువు ఉన్నట్టుండి ఆగిపోయినా, దగ్గు, జ్వరం కనిపించినా, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉన్నా, తర్వాతి తేదీ వరకు ఆగకుండా వెంటనే ఏఆర్‌టీ కేంద్రానికి తీసుకెళ్లండి.