ముందు యాడున్నారో చెప్పండి

పోయిన సంచికలో అత్యవసర ఫోన్ల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబు రాస్తున్నాను. కొత్తగా చదివేవారి కోసం ఒక మాట. తిరుపతిలో ఒక స్థానిక సంస్థ కంట్రోల్ రూమ్‌లో 2012 నుంచి ఫోన్లు అందుకుంటున్నాను. కాలువ పొంగినా, చెట్టు విరిగిపడినా, ఇళ్లలోకి నీళ్లొచ్చినా మా మనుషులను పంపేది మేమే. అంబులెన్స్, ఫైరింజన్, పోలీసులు మా చేతిలో ఉండరు. అయినా కంగారులో ఉన్న మనిషి తనకు గుర్తున్న నంబరుకే చేస్తాడు కాబట్టి ఆ ఫోన్లూ మాకు వస్తుంటాయి. ఇంకో నంబరుకు చేసుకోండని పెట్టేయకుండా లైన్‌లోనే ఉండి కలుపుతాం.

ప్రశ్న: మాది చంద్రగిరి పక్కన పల్లె. పోయిన కార్తీకంలో తెల్లవారుజామున మా నాన్న ఛాతీ పట్టుకొని కూలబడ్డాడు. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే ఆ అమ్మాయి ఊరేది, వీధేది, వయసెంత, ఊపిరి ఎలా ఉంది అని అడుగుతానే ఉంది. "ముందు బండి పంపు, తర్వాత అడుగుదువు" అని నోటికొచ్చినట్టు తిట్టి ఫోన్ పెట్టేశాను. బండి వచ్చింది కానీ నాన్న దక్కలేదు. నేను తిట్టకుండా ఉంటే ఇంకా ముందే వచ్చేదా? ఈ మాట ఎవరిని అడగాలో తెలియక మీకు రాస్తున్నాను.

తమ్ముడూ, మీ తిట్ల వల్ల బండి ఆగలేదు. బండి మీ ఇంటికే వచ్చిందంటే ఊరూ వీధీ ఆ అమ్మాయి చెవిన పడ్డట్టే. బండి కదలడానికి కావలసింది అదే. ఫోన్ ఎత్తిన మనిషి మాట్లాడుతూనే టైప్ చేస్తుంది. ఊరి పేరు పడగానే పక్క సీటులో ఉన్నవాళ్లు దగ్గర్లోని బండికి చెప్పేస్తారు. వయసెంత, ఊపిరి ఎలా ఉంది అన్న ప్రశ్నలన్నీ బండి బయల్దేరాక నడిచేవి. ఇవతల ఫోన్ పట్టుకున్నవాళ్లకు ఆ రెండో మనిషి కనిపించదు. అడిగేవన్నీ అయితే తప్ప బండి కదలదనుకుంటారు. రోజుకు పదిమందైనా నాతో ఇదే అంటారు, "ముందు పంపండి మేడమ్" అని.

ఇంకో సంగతి కూడా రాయాలి. దాచి రాస్తే మీకు నేను మర్యాద చేసినట్టు కాదు. "ఊపిరి ఎలా ఉంది" అని అడగడానికి కారణం ఉంది. గుండె ఆగిన మనిషి కొన్నిసార్లు ఎగశ్వాస తీసినట్టు, గురక పెట్టినట్టు శబ్దం చేస్తాడు. ఇంట్లోవాళ్లు అది చూసి "ఊపిరి ఆడతా ఉంది, నిద్రపోతున్నట్టుంది" అంటారు. అది ఊపిరి కాదు. పిలిస్తే పలకక, శ్వాస మామూలుగా లేకపోతే వెంటనే ఛాతీ నొక్కాలి. మంచం మీద కాదు, కింద గట్టి నేల మీద పడుకోబెట్టాలి. ఛాతీ నడుమ ఒక అరచేయి మడమ ఆనించి, దాని మీద రెండో చేయి వేసి, మోచేతులు వంచకుండా రెండంగుళాల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతి నొక్కు తర్వాతా ఛాతీ మళ్లీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. ఫోన్ పెట్టేయకుండా ఉంటే ఆ అమ్మాయి మీకు ఇదే చెప్పి ఉండేదేమో. కానీ అప్పటిదాకా మీకు ఈ సంగతి ఎవరు చెప్పారు? ఎవరూ నేర్పని పని చేయలేదని ఏ కొడుకునూ తప్పుపట్టకూడదు. పైగా సరిగ్గా నొక్కినా చాలామంది దక్కరు. ఆస్పత్రి గేటు దగ్గర పడిపోయినవాళ్లు కూడా దక్కని సందర్భాలు ఉంటాయి.

ఒక వేసవి మధ్యాహ్నం కొర్లగుంట నుంచి ఒకావిడ చేసింది. వాళ్లాయన అన్నం తింటూ పక్కకు ఒరిగిపోయాడు. పక్క సీటు అమ్మాయి 108కు చెబుతుంటే నేను ఆవిడతో ఉండిపోయాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టి నేల మీద ఉంచమన్నాను. "నాకు రాదు మేడమ్, ఎముకలు విరిగిపోతాయేమో" అని ఏడుస్తోంది. విరిగినా అతుక్కుంటాయి, మీరు నొక్కండి, నేను లెక్కపెడతాను అన్నాను. ఒకటి, రెండు, మూడు... ఆవిడ చేతి నిండా గాజులున్నట్టున్నాయి. నొక్కిన ప్రతిసారీ గలగలమంటున్నాయి. నాకు కళ్లు లేవు కదా అక్కడ, ఆ గాజుల చప్పుడే నా కళ్లు. చప్పుడు నెమ్మదిస్తే "గట్టిగా అమ్మా, ఆపొద్దు" అనేదాన్ని, మళ్లీ వేగం అందుకునేది. మెట్ల మీద బూట్ల చప్పుడు, "జరగండమ్మా" అన్న మగగొంతు వినిపించాయి. గాజుల చప్పుడు ఆగింది. ఫోన్ ఆ నేల మీదే ఉండిపోయింది, కాసేపటికి కట్ అయింది. ఆయన ఏమయ్యాడో నాకు తెలియదు. మాకు తెలిసేది అంతవరకే.

మీరు తిట్టిన అమ్మాయి గురించి కూడా బాధపడుతున్నట్టు రాశారు. నన్ను తిట్టినవాళ్లలో ఒక్కరి మాటలూ నాకు గుర్తులేవు. ఆ గొంతుల్లోని భయం గుర్తుంది. ఆ అమ్మాయికీ అంతే అయ్యుంటుంది.

ప్రశ్న: రేణిగుంట, తిరుపతి మధ్య ఆటో నడుపుతాను. రోడ్డు మీద యాత్రికులకు ఏదైనా అయితే ఫోన్ నా చేతికిచ్చి "నువ్వు మాట్లాడు" అంటారు. అడ్రస్ అడిగితే ఏం చెప్పాలో తోచదు. పైగా ఇలాంటివాటిలో దూరితే కేసుల్లో ఇరుక్కుంటానని మా ఇంటామె గొడవ.

అన్నా, ఫోన్ మీకివ్వడమే వాళ్లు చేసే మంచి పని. ఊరు కాని ఊర్లో వాళ్లు "కోయిల్ పక్కత్తులే" అంటారు, అంటే తమిళంలో గుడి దగ్గర అని. తిరుపతిలో గుడి దగ్గర కాని చోటేది? వీధుల పేర్లూ అంతే. శ్రీనివాస, పద్మావతి, బాలాజీ, వెంకటేశ్వర, వీటి చుట్టూనే ఊరంతా. నేను చేరిన కొత్తల్లో ఒక గాలివాన సాయంత్రం చెట్టు విరిగి ఆగి ఉన్న ఆటో మీద పడింది. అవతలి మనిషి పద్మావతీ నగర్ అన్నాడు. గాలి హోరులో నాకు మొదటి మాటే వినబడింది. మళ్లీ అడగకుండా పద్మావతీపురం అని రాసుకొని రంపాలతో మావాళ్లను అటు పంపాను. ఒకటి ఊరి లోపల, రెండోది తిరుచానూరు రోడ్డు వైపు. ఆటోలో ఒక పెద్దాయన కాలు ఇరుక్కొని ఉంది. మావాళ్లు వెనక్కి తిరిగి వచ్చేదాకా ఆయన అరుస్తూనే ఉన్నాడని తర్వాత చెప్పారు. ప్రాణానికి ఏమీ కాలేదు. కానీ తప్పు నాదే. ఆ రోజు నుంచి ఏ పేరు విన్నా తిరిగి పలికి, అవతలివాళ్లు "ఆ, అదే" అన్నాకే పంపుతాను. కాబట్టి మేం ఒకే పేరు రెండుసార్లు అడిగితే చిరాకుపడకండి.

మీరు చూడవలసినవి ఇవీ. పక్కన కరెంటు స్తంభం ఉంటే దాని మీద పెయింటుతో రాసిన నంబరు చదవండి, లైన్‌మన్‌ను అడిగి చోటు పట్టుకుంటాం. దుకాణం ఉంటే బోర్డులో పేరొక్కటే చెప్పి ఆపకండి, అడుగున చిన్న అక్షరాల్లో వీధి పేరు ఉంటుంది, అది మాకు కావాలి. బైపాస్ మీదైతే కిలోమీటరు రాయి. అన్నిటికంటే ముఖ్యం, తిరుపతి వైపు పోతున్నారా, రేణిగుంట వైపు పోతున్నారా అన్నది. మధ్యలో డివైడర్ ఉంటుంది. బండి అవతలి దారిలో వస్తే మిమ్మల్ని కళ్లారా చూస్తూ కూడా ఎక్కడో ముందుకెళ్లి తిరిగి రావాలి. అలిపిరి నడకదారి నుంచి కూడా మాకు ఫోన్లు వస్తాయి. 3,550 మెట్ల దారిలో "కొండ మీద ఉన్నాం" అంటే ఏం తెలుస్తుంది? మెట్ల మీద అక్కడక్కడా నంబర్లుంటాయి. అది చెబితే దేవస్థానం వాళ్లకు అందిస్తాం.

ఇక కేసుల సంగతి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 134ఎ అనే సెక్షన్ చేర్చారు. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లకు మంచి మనసుతో సాయం చేసినవారి మీద, ఆ సాయంలో పొరపాటున ఏదైనా జరిగినా, కేసు ఉండదు. పేరు చెప్పమని బలవంతపెట్టడానికీ లేదు. ఈ పేజీ మీ ఇంటామెకు చూపించండి.

ప్రశ్న: మాది చిత్తూరు. డిగ్రీ అయింది. కంట్రోల్ రూమ్‌లో ఉద్యోగానికి అప్లై చేద్దామనుకుంటే, నైట్ డ్యూటీలు, టెన్షన్, నీకెందుకని ఇంట్లో వద్దంటున్నారు. నిజంగా అంత కష్టమా అక్కా?

కష్టమేనమ్మా, లేదని చెప్పను. చాలాచోట్ల ఔట్‌సోర్సింగ్ మీద తీసుకుంటారు, అది ముందే తెలుసుకొని వెళ్లు. టైపింగ్ వేగంగా రావాలి. తమిళం వచ్చా? చిత్తూరు పిల్లవు కాబట్టి వచ్చే ఉంటుంది. ఈ పనిలో అది డిగ్రీ కంటే ఎక్కువ అక్కరకొస్తుంది. మీ వైపు అయితే పలమనేరు, కుప్పం పక్క నుంచి ఏనుగులు పొలాల్లో దిగాయన్న ఫోన్లు కూడా ఉంటాయి.

అన్నిటికంటే కావలసింది చెవి. మనిషి చెప్పేది వింటూనే వెనక చప్పుడూ వినాలి. 2021 నవంబరు 18, కార్తీక పౌర్ణమికి ముందు రోజు. ఘాట్ రోడ్లు మూసేశారు, కాలనీల్లో నీళ్లు, చాలా వీధుల్లో కరెంటు లేదు. ఆ రాత్రి ఒక ఫోన్ ఎత్తితే వానహోరు తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత సన్నగా ఒక అమ్మాయి గొంతు. "మిద్దె మింద ఉండాము మేడమ్, అవ్వకు బాగలేదు, బిన్నా పంపండి." కాలనీ పేరు చెప్పింది, ఇంటి నంబరూ చెప్పింది. కానీ ఆ చీకట్లో, నడుములోతు నీళ్లలో మావాళ్లకు ఏ నంబరు కనబడుతుంది? ఫోన్‌లో ఛార్జింగ్ నాలుగు శాతమే ఉందంది. ఇక మాట్లాడొద్దు, ఫోన్ ఆపి దాచుకో, ఇంట్లో నుంచి ఏం తెచ్చుకున్నారు పైకి అనడిగాను. బియ్యం డబ్బా, ఒక చెంబు, రెండు పళ్లాలు. ట్రాక్టర్ చప్పుడు వినబడగానే పళ్లెం మీద చెంబుతో కొట్టు, మనుషులు కనబడేదాకా ఆపొద్దు అన్నాను. అదే మాట మావాళ్లకూ చెప్పాను, సందు మొదట్లో ఇంజన్ ఆపి వినండని. ఓ ముప్పావుగంటకు మా మేస్త్రి ఫోన్ చేశాడు. ఆయన గొంతు వెనక టంగుటంగుమని ఇంకా కొడుతూనే ఉంది ఆ పిల్ల. "దొరికినార్లే మేడమ్, ఇంగ ఆపమని చెప్పు" అన్నాడు. అవ్వను తాడు కట్టి దించారు.

ఆ తర్వాత రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది పల్లెలను ఖాళీ చేయిస్తున్న రోజుల్లో ఇంటికి వెళ్లి పడుకున్నా చెవుల్లో ఫోన్ మోగినట్టే ఉండేది. ఇప్పటికీ రాత్రి డ్యూటీ దిగాక గంటసేపు నిద్ర పట్టదు. నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. మనసును పట్టిన ఫోన్ ఏదైనా ఉంటే షిఫ్ట్ మారేటప్పుడు పక్క సీటు అమ్మాయికి మొత్తం చెప్పేసి గానీ చెప్పులు వేసుకోను. నువ్వూ అలా చెప్పుకునే మనిషిని చూసుకో. మీ ఇంట్లోవాళ్ల భయం అబద్ధం కాదు, దాన్ని కొట్టిపారేయకు. కానీ ఆ పళ్లెం చప్పుడు విన్నాక ఈ సీటు వదలాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. అప్లై చెయ్యి.

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. ఇంట్లో నేనూ, తనూ, మా అత్తగారు. అత్తగారికి షుగర్, బీపీ. నేను బయటికెళ్లినప్పుడు ఏమైనా అయితే పాపకు ఏం నేర్పాలి? (భవానీ నగర్ నుంచి ఒక తల్లి)

ఒక్క నంబరే నేర్పండి, 112. ఫోన్‌కు లాక్ ఉన్నా ఎమర్జెన్సీ బటన్ నొక్కి ఆ నంబరు కొట్టవచ్చు, అది చేత్తో చూపించండి, ఊరికే చెబితే గుర్తుండదు. మీ పేరు, అత్తగారి పేరు నేర్పండి. పిల్లలను మీ అమ్మ పేరేమిటంటే "అమ్మే" అంటారు. ఒకసారి అలాంటి బాబుతో నేను చాలాసేపు మాట్లాడవలసివచ్చింది. "అవ్వ పిలిస్తే పలకడం లేదు" అన్న ముక్క నేర్పితే చాలు, మిగతావి మేం అడుగుతాం. అవతలివాళ్లు పెట్టేయమనేదాకా పెట్టేయకూడదని చెప్పండి. తలుపు గడియ అందకపోతే స్టూల్ ఎక్కడుందో చూపించండి. ఈ సాయంత్రం పాపను తీసుకొని గేటు బయటికెళ్లి, మీ ఇంటి ముందు కరెంటు స్తంభం మీద నంబరు తనతోనే చదివించండి. చెరిగిపోయి ఉంటే ఫోన్ చేయాల్సింది కరెంటు వాళ్ల నంబరు 1912కు.