అసలు శ్రీకాకుళం మాదే

"ఒకే పేరున్న రెండు ఊళ్ల వల్ల మీకెప్పుడైనా ఇబ్బంది వచ్చిందా, ఆ పేరు అసలు ఏ ఊరిది" అని అడిగారు కాబట్టి చెప్తున్నా. మాది శ్రీకాకుళం. ఇప్పుడు మీరు అనుకున్నది కాదు. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం. ఈ ముక్క చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది. హైదరాబాద్‌లో ఎవరికి ఊరి పేరు చెప్పినా "అవునా, మీకు ఆ యాస లేదే" అంటారు. తుపాను వస్తే చాలు, టీవీ చూసి మా ఇంటికి ఫోన్లు.

మా అక్క పెళ్లి ఊళ్లోనే, ఆంధ్ర మహావిష్ణువు గుడి దగ్గర చేశాం. శుభలేఖలో మండలం, జిల్లా కూడా వేయమని రాసిస్తే, ప్రెస్సువాళ్లు చోటు సరిపోలేదని ఆ లైను లేపేసి "శ్రీకాకుళం, దేవస్థానం వద్ద" అని కొట్టిచ్చారు. మాకు తెలిసిన ఊరే కాబట్టి మేమూ గమనించలేదు. నాన్న స్నేహితుడు ఒకాయన, నేను బాబాయ్ అంటాను, ఆ కార్డు పట్టుకుని సికింద్రాబాద్‌లో రైలెక్కి శ్రీకాకుళం రోడ్‌కి టికెట్ తీసుకున్నాడు. దిగాల్సిన విజయవాడ రాత్రి నిద్రలోనే దాటిపోయింది. పొద్దున్నే ఆమదాలవలసలో దిగి, ఆటో అబ్బాయిని గుడికి తీసుకెళ్లమంటే నేరుగా అరసవల్లిలో దింపాడు. ముహూర్తం 10 దాటాక. సరిగ్గా 8 గంటలకు నాకు ఫోన్: "ఒరేయ్, గుడి ముందే ఉన్నా, మేళం వినబడట్లేదేంట్రా?" ఏ గుడి బాబాయ్ అంటే "సూర్యనారాయణమూర్తి గుడి, ఇంకేముందిక్కడ" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్కడి నుంచి మా ఊరు 400 కిలోమీటర్ల పైమాటే.

పాపం, దొరికిన బస్సూ రైలూ పట్టుకుని వచ్చేసరికి రాత్రయింది, పందిరికి కట్టిన అరటి బోదెలు విప్పుతున్నారు. భుజం మీద అట్టపెట్టెలో గ్రైండర్. రాళ్లతో సహా రాష్ట్రం సగం తిప్పి తెచ్చాడు. దాన్ని అరుగు మీద దించి, జేబులోంచి అరసవల్లి ప్రసాదం తీసి అక్క చేతిలో పెట్టాడు.

ఇక పేరు ఎవరిదంటారా, మాదే, అందులో అనుమానం లేదు. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు వెళ్తూ మా గుడికే వచ్చాడు. ఏకాదశి ఉపవాసం ఉండి పడుకుంటే ఆంధ్ర విష్ణువు కలలో కనిపించి, గోదాదేవి పెళ్లి కథ తెలుగులో రాయమన్నాడు. అదే ఆముక్తమాల్యద, ఈ కల సంగతి రాయలే అందులో రాసుకున్నాడు. తర్వాత గుడి పాడుపడితే కాసుల పురుషోత్తమకవి ఆ దేవుణ్ణే దెప్పిపొడుస్తూ ఆంధ్రనాయక శతకం చెప్పాడు. శాతవాహనుల తొలి రాజధాని కూడా ఇదేనని మా ఊళ్లో ప్రతి పెద్దాయనా అంటాడు, అది మటుకు చరిత్రకారులు తేల్చుకోవాలి.

నాగావళి ఒడ్డు శ్రీకాకుళాన్ని తెల్లదొరలు చికాకోల్ అని రాసుకున్నారు. 1950లో విశాఖ జిల్లా నుంచి విడదీసి దాన్ని జిల్లా కేంద్రం చేశారు, అంతే, మా ఊరు జనం నోట్లోంచి జారిపోయింది. వాళ్లకు అరసవల్లి ఉంది, శ్రీకూర్మం ఉంది, రైల్వే స్టేషన్ పేరు కూడా ఉంది (స్టేషన్ ఊళ్లో లేకపోయినా సరే). మాకున్నది ఈ ఒక్క పేరే కదండీ! పక్కనే ఉన్న కూచిపూడి వాళ్లను చూస్తే కుళ్లు నాకు. తెనాలి వైపు అమర్తలూరు మండలంలో ఇంకో కూచిపూడి ఉన్నా, నాట్యం పుణ్యమా అని వీళ్లను ఎవరూ "ఏ కూచిపూడి" అని అడగరు.

మొన్న నా పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వెళ్తే బాబాయ్ కవరు కూడా తెరవలేదు. "ముందు ఇది చెప్పు, కృష్ణా, నాగావళా?" అన్నాడు.