స్టాప్ మోషన్‌లో బ్లర్ మిణుకుమిణుకుమంటుంటే

మట్టి ఏనుగును కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన ఫొటోలను సెకనుకు 12 చొప్పున పేర్చి, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో పిక్సెల్ మోషన్ బ్లర్ (కదలికకు మసక జోడించే ఎఫెక్టు) వేస్తే ఒక ఫ్రేము మసకగా, మరొకటి స్పష్టంగా వస్తోందని అడిగారు. లోపం మీ ఫొటోలలో లేదండి. మీ కంపోజిషన్ (ఫొటోలు పేర్చిన టైమ్‌లైన్) సెకనుకు 24 ఫ్రేములది కాబట్టి ప్రతి ఫొటో రెండేసి ఫ్రేముల పాటు నిలుస్తుంది. ఈ ఎఫెక్టు పక్కపక్క ఫ్రేములను పోల్చి కదలికను అంచనా వేస్తుంది. రెండూ ఒకే ఫొటో అయినప్పుడు దానికి కదలికే కనిపించదు, ఇక బ్లర్ ఎక్కడిది?

ముందు ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్ అనే సెట్టింగులో ఫొటోల వరుసను సెకనుకు 12 ఫ్రేములకు మార్చండి. విడిగా 12 ఫ్రేముల కంపోజిషన్ తెరిచి, బ్లర్ అక్కడే వేసి, దానిని 24 ఫ్రేముల దానిలో పెట్టండి. లోపలి కంపోజిషన్ సెట్టింగులలో, అడ్వాన్స్‌డ్ కింద, ప్రిజర్వ్ ఫ్రేమ్ రేట్ గడిలో టిక్కు తప్పనిసరి. అది మరిచిపోతే బయటి 24 లోపలికీ వర్తించి కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఒక్కో ఫ్రేములో ఎంతసేపటి కదలిక మసకబారాలో చెప్పేది షట్టర్ యాంగిల్. అది 180 డిగ్రీలంటే 12 ఫ్రేముల దగ్గర 1/24 సెకను బ్లర్. చేతితో జరిపిన బొమ్మకు అది ఎక్కువేనని నా అభిప్రాయం, ఆ గరుకుదనం కాస్త మిగలాలి కదా! 90తో మొదలుపెట్టండి. తొండం ఒక్కసారిగా చాలా దూరం జరిగిన చోట అంచులు సాగి చెరిగిపోతే, అక్కడి వరకు మాస్కు (ఆ భాగాన్ని వేరుచేసే గీత) వేసి బ్లర్ తీసేయండి.