కొండెక్కితే కోపం పోతుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. శివరాత్రికి ఫ్రెండ్స్‌తో మహేంద్రగిరి ఎక్కాను, పైన భలే ప్రశాంతంగా అనిపించింది. దిగొచ్చాక షాపులో మళ్ళీ అదే కోపం, ఇంట్లో అవే అరుపులు. పరశురాముడిలా అక్కడే ఉండిపోతే బాగుణ్ణనిపిస్తోంది. తప్పాండీ?

జవాబు: తప్పేం లేదు తమ్ముడూ, 1,501 మీటర్ల ఎత్తులో ఆ గాలి తగిలితే ఎవరికైనా అలాగే ఉంటుంది. కానీ పరశురాముడి కథ మొత్తం చూడు. 21 సార్లు క్షత్రియుల్ని చంపి, భూమంతా కశ్యపుడికి దానమిచ్చేసి మహేంద్ర పర్వతం మీద తపస్సుకి కూర్చున్నాడు కదా, మరి కర్ణుడు అస్త్రాలు నేర్చుకోడానికి వెళ్ళింది కూడా ఆ కొండకే, గురువుగారి నిద్ర చెడకూడదని పురుగు తొడ తొలిచేస్తున్నా కదలకుండా కూర్చున్నాడు పాపం, ఆయనేమో లేచి రక్తం చూసి, నువ్వు బ్రాహ్మణుడివి కాదని పట్టేసి శపించేశాడు. అంత తపస్సు చేశాక కూడా! ఆ ఘట్టం చదివినప్పుడల్లా నాకు కర్ణుడి మీద జాలేస్తుంది, పరశురాముణ్ణి తలుచుకుంటే భయమేస్తుంది.

అందుకే కోపం సంగతి కొండకి వదిలేయకు. దిగేటప్పుడు గమనించావా, కాలికింద రాళ్ళు జారుతుంటే, పిక్కలు పట్టేస్తుంటే ప్రతి అడుగూ చూసుకునే వేస్తాం, ఇంకొకరి మీద కోప్పడే తీరికే ఉండదు. షాపులో బేరం దగ్గర గొడవ మొదలైనప్పుడు మాట కూడా అలా చూసుకుని వెయ్యి. వచ్చేసారి ఇంట్లోవాళ్ళనీ తీసుకెళ్ళు, కుంతి గుడి, భీముడి గుడి చూపించు.