మూతపడిన ఫ్యాక్టరీలో కారుతున్న డ్రమ్ములు: తీయవలసింది ఎవరు, ఖర్చు ఎవరిది?

ప్రశ్న: మాది సంగారెడ్డి జిల్లాలో పారిశ్రామికవాడను ఆనుకుని ఉన్న గ్రామం. మా పొలం గట్టు పక్కనే ఉన్న ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాల) ఫ్యాక్టరీ ఆరేళ్ల కిందట మూతపడింది. యజమానులు ఎక్కడున్నారో తెలియదు. గేటుకు బ్యాంకు నోటీసు అంటించి ఉంది. షెడ్డులో దాదాపు 200 డ్రమ్ములు ఉన్నాయి. మొన్నటి గాలివానకు పైరేకులు లేచిపోయాయి. తుప్పు పట్టిన డ్రమ్ములు కారి, పసుపు రంగు నీరు మా కుంటలోకి వచ్చింది. బోరు నీళ్లు వాసన వేస్తున్నాయి. కుంటలో నీళ్లు తాగిన పాడి గేదె ఒకటి చనిపోయింది. రాత్రిళ్లు పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి డ్రమ్ములను అక్కడే ఒంపేసి పట్టుకుపోతున్నారు. ప్రజావాణిలో అర్జీ ఇస్తే పీసీబీకి (కాలుష్య నియంత్రణ మండలికి) పంపామన్నారు. పీసీబీ వారు కంపెనీ దివాలా కేసులో ఉంది, బాధ్యులెవరో తేలాలి అంటున్నారు. జేసీబీతో గుంత తీసి పూడ్చేద్దామని మా సర్పంచ్ గారి ఆలోచన. మేము ఏం చేయాలి? గేదెకు, పంటకు పరిహారం వస్తుందా? (ఒక రైతు)

జవాబు: ముందుగా మీ సర్పంచ్ గారిని ఆపండి. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు గానీ, ఆ పని చేసిన మరుక్షణం చట్టం దృష్టిలో పంచాయతీయే బాధ్యుల వరుసలోకి వచ్చి నిలబడుతుంది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ‘ఆక్యుపయర్’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో, ఫ్యాక్టరీ వ్యవహారాలపై అదుపు ఉన్న వ్యక్తితో పాటు, ఒక పదార్థానికి సంబంధించినంత వరకు ఆ పదార్థం ఎవరి స్వాధీనంలో ఉందో ఆ వ్యక్తి కూడా చేరతాడు. ఇవాళ ఆ స్వాధీనం ఎవరిదనేది వాదనకు వచ్చే విషయం. రేపు పంచాయతీ ట్రాక్టరులో ఎక్కించి ఊరుమ్మడి భూమిలో పూడ్చితే ఆ వాదనకు తావే ఉండదు. అదీగాక నేలలో పూడ్చిన రసాయనం అక్కడే ఉండిపోదు, వర్షం పడిన ప్రతిసారీ మీ బోర్ల వైపు దిగుతుంది. డ్రమ్ముల్లో ఏముందో తెలియకుండా వాటి మీద నీళ్లు కొట్టడం, మూతలు తీసి చూడటం, ఖాళీ డ్రమ్మే కదా అని గ్యాస్ కట్టర్ పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చే పనులు. నీరు తగిలితే మండే రసాయనాలు మందుల తయారీలో వాడతారు. ఖాళీ డ్రమ్ములో మిగిలిన ఆవిరి నిప్పురవ్వ చాలు పేలడానికి. రసాయనం అంటిన ఖాళీ డ్రమ్ము కూడా 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ నియమాల మొదటి షెడ్యూలు ప్రకారం ప్రమాదకర వ్యర్థమే. కనుక రాత్రిళ్లు జరుగుతున్నది దొంగతనం మాత్రమే కాదు. విష పదార్థాల పట్ల నిర్లక్ష్యంగా ప్రవర్తించినందుకు భారతీయ న్యాయ సంహిత 286వ సెక్షన్ కింద కూడా అది నేరం. ఆ సెక్షన్ పేరెత్తి మీ పోలీస్ స్టేషన్‌లో ఈరోజే రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి.

ఇక అసలు విషయం. ‘బాధ్యులెవరో తేలాలి’ అన్న జవాబు నేను ఈ తరహా వ్యవహారాల్లో తరచు వినేదే. అది న్యాయపరంగా నిలిచే జవాబు కాదు. విషాన్ని తీయడం, ఖర్చు రాబట్టడం అనే రెండు పనులను మన చట్టాలు వేరువేరుగానే చూశాయి: ముందు అధికార యంత్రాంగం తీయించాలి, తరువాత బాధ్యుల నుంచి వసూలు చేసుకోవాలి. పర్యావరణ పరిరక్షణ చట్టం 9వ సెక్షన్ చదవండి. ప్రమాదవశాత్తు గాని, అనుకోని సంఘటన వల్ల గాని కాలుష్యకారకం పరిమితికి మించి విడుదలైనప్పుడు, లేదా విడుదలవుతుందన్న భయం ఉన్నప్పుడు, ఫ్యాక్టరీ వారు ఇచ్చిన సమాచారం మీదనే కాక మరే విధంగా తెలిసినా సరే, సంబంధిత అధికారులు వీలైనంత త్వరగా నివారణ చర్యలు తీసుకోవాలని అది ఆదేశిస్తుంది. తీసుకోవచ్చు అని కాదు, తీసుకోవాలి అని. మీ అర్జీ ఆ ‘మరే విధంగా’ అన్న మాట కిందికే వస్తుంది. అయిన ఖర్చును వడ్డీతో సహా భూమి శిస్తు బకాయిలాగా రాబట్టుకునే అధికారం కూడా అదే సెక్షన్‌లో ఉంది. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం 32వ సెక్షన్ దీనికి తోడు: విష పదార్థం వాగులోకో బావిలోకో చేరినప్పుడు, తక్షణ చర్య అవసరమని మండలి భావిస్తే, కారణాలు కాగితం మీద రాసుకుని తానే తొలగింపు పని చేపట్టవచ్చు. ఆ చట్టంలో ‘వాగు’ అన్న మాటకు భూగర్భ జలం కూడా చేరుతుంది కాబట్టి మీ బోరు దానికి బయటిదేమీ కాదు. పైకప్పు లేచిపోయి వాన నీరు డ్రమ్ముల మీద పడటం అనుకోని సంఘటన కాక మరేమిటి?

దివాలా కేసు సంగతి కూడా చూద్దాం. దివాలా స్మృతి 14వ సెక్షన్ కింద మారటోరియం విధించినప్పుడు కంపెనీ మీద దావాలు, వసూళ్లు ఆగుతాయి. డ్రమ్ములు కారడం ఆగదు, వాటిని తీయించే అధికారుల విధి కూడా ఆగదని నా అభిప్రాయం. పైగా ఆ కేసు మీకు ఒక మేలు చేసింది: ఇంతకాలం అంతుచిక్కని కంపెనీకి ఇప్పుడు ఒక చిరునామా దొరికింది. దివాలా ప్రక్రియలో నియమితుడైన వృత్తినిపుణుడు కంపెనీ తరఫున అన్ని చట్టాలనూ పాటించవలసిన బాధ్యుడని 17వ సెక్షన్ చెబుతుంది; ఆస్తులను కాపాడవలసిన బాధ్యత కూడా ఆయనదే, లిక్విడేషన్‌కు (ఆస్తులు అమ్మి కంపెనీని మూసేసే దశకు) వెళ్లి ఉంటే లిక్విడేటర్‌ది. ఆయనకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి.

బ్యాంకు విషయంలో గేటు మీది కాగితాన్ని జాగ్రత్తగా చదివి ఫొటో తీసుకోండి. ‘సింబాలిక్ పొజెషన్’ అని ఉంటే బ్యాంకు లాంఛనంగా మాత్రమే స్వాధీనం చేసుకుందని, తాళాలు ఇంకా పాత యజమాని చేతిలోనే ఉన్నాయని అర్థం. ‘ఫిజికల్ పొజెషన్’ అని ఉంటే ఆవరణ మీద అదుపు బ్యాంకుదే; అప్పుడు నిర్వచనం ప్రకారం ఆక్యుపయర్ ఎవరన్న ప్రశ్న బ్యాంకు గుమ్మం దగ్గరకే వెళుతుంది. అప్పుకు తాకట్టు భూమి, యంత్రాలే గాని వ్యర్థాలు కావని బ్యాంకులు వాదిస్తాయి. వాదించనివ్వండి, ముందు నోటీసు అందాలి. వేలంలో ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని కొనుక్కోబోయే వారికి కూడా ఆ నోటీసు హెచ్చరికలా పనికివస్తుంది. ఆ స్థలం పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ కేటాయించిన ప్లాటు అయితే, అక్కడి స్థానిక సంస్థ అధికారాలు చెలాయించే ‘ఐలా’ కార్యాలయాన్ని కూడా చేర్చండి. ఈ విషయం చాలామంది మరచిపోతారు.

అర్జీ ఎలా రాయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, సగం వ్యవహారాలు అక్కడే దెబ్బతింటాయి. ‘మా ఊరిని కాపాడండి’ అని రాస్తే అది వినతిపత్రం అవుతుంది, దాన్ని మరో కార్యాలయానికి పంపి చేతులు దులుపుకోవడం సులువు. దానికి బదులు మండలి ప్రాంతీయ కార్యాలయానికి, జిల్లా కలెక్టరుకు, ఆర్డీవోకు ఒకే కాగితం మీద ఇలా అడగండి: ‘ఫలానా సర్వే నంబరులోని షెడ్డు నుంచి ఫలానా తేదీ నుంచి రసాయనం కారి ఫలానా కుంటలో కలుస్తున్నది. పర్యావరణ పరిరక్షణ చట్టం 9వ సెక్షన్, నీటి చట్టం 32వ సెక్షన్ కింద డ్రమ్ములను తక్షణం అనుమతి పొందిన కేంద్రానికి తరలించవలసిందిగాను, తరలించే వరకు ఆవరణకు కాపలా, షెడ్డుకు కప్పు, కుంట వైపు మట్టికట్ట ఏర్పాటు చేయవలసిందిగాను, చర్య అవసరం లేదని భావిస్తే ఆ కారణాలను రాతపూర్వకంగా తెలుపవలసిందిగాను కోరుతున్నాము.’ ఆ చివరి వాక్యమే ముఖ్యం. రేపు పర్యావరణ వివాదాలు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందు మౌనం కంటే, రాసి ఇచ్చిన బలహీనమైన కారణమే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 30 రోజులు కాదు, 48 గంటల్లో ఇవ్వాలని 7వ సెక్షన్ అంటుంది. తాగునీటి విషయమని అర్జీ మొదటి పంక్తిలోనే రాయండి.

ఆర్డీవోను ఎందుకు చేర్చమన్నానంటే, పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 133వ సెక్షన్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ప్రజాబాధకాన్ని (పబ్లిక్ న్యూసెన్స్‌ను) తొలగించమని ఆదేశించే అధికారం ఆయనకు ఉంది. విచారణ ముగిసేలోగా ప్రమాదం ముంచుకొస్తుందనుకుంటే 161వ సెక్షన్ కింద మధ్యంతర ఆదేశం ఇవ్వవచ్చు. ఎదుటివారు వినకపోతే తానే తగిన ఏర్పాటు చేయించవచ్చు. నిధులు లేవన్న సాకు ఇక్కడ చెల్లదని 1980లోనే రత్లాం పురపాలక సంఘం కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

తరలింపు అంటే లారీలో ఎక్కించి పంపడం కాదు. 2016 నియమాల ప్రకారం డ్రమ్ములను సరిగా ప్యాక్ చేసి, లేబుల్ అంటించి, మేనిఫెస్ట్ పత్రంతో (వ్యర్థం వెంట వెళ్లే వివరాల పత్రం), అనుమతి ఉన్న రవాణాదారు ద్వారా, శుద్ధి నిక్షేపణ కేంద్రానికి చేర్చాలి. మీకు దగ్గరిది దుండిగల్‌లో ఉంది. ముందుగా నమూనాలు తీసి, ఒకదానితో ఒకటి కలిస్తే ప్రమాదమైన వాటిని వేరు చేయాలి. ఈ పని జరిగేటప్పుడు పంచాయతీ తరఫున ఒకరు గేటు బయట నిలబడి డ్రమ్ముల లెక్క, వాహన నంబర్లు రాసుకోవడం మంచిది. 200 ఉన్న చోట 140 వెళ్లి, మిగిలినవి ‘ఖాళీవి’ అని పాత ఇనుములోకి పోయే అవకాశాన్ని నేను కొట్టిపారేయలేను. ఆ నియమాల 8వ నియమం కింద ప్రమాదకర వ్యర్థాన్ని ఆవరణలో మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. ఆరేళ్లు నిల్వ ఉందంటే ఉల్లంఘనకు వేరే రుజువు వెతకనవసరం లేదు. ఆ ఆరేళ్లలో తనిఖీకి ఎవరు వచ్చారో, ఏం రాశారో కూడా సమాచార హక్కు కింద అడగండి.

యజమాని తేలేదాకా ఆగితే ఏమవుతుందో భోపాల్ చూపించింది. అక్కడ యజమాని ఎవరో లోకమంతటికీ తెలుసు. అయినా 1984లో విషవాయువు లీకైన కర్మాగారంలో మిగిలిన 337 టన్నుల వ్యర్థం నాలుగు దశాబ్దాలు అక్కడే ఉండిపోయి, 2024 డిసెంబరులో మధ్యప్రదేశ్ హైకోర్టు నాలుగు వారాల గడువు పెట్టాక గాని, 2025 జనవరి 1 రాత్రి 12 కంటైనర్లలో పీథంపూర్‌లోని శుద్ధి కేంద్రానికి కదలలేదు.

ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు రాజస్థాన్‌లోని బిఛ్రీ గ్రామం కేసులో ఉంది. ఉదయపూర్ దగ్గర హెచ్-ఆమ్లం (రంగుల తయారీలో వాడే రసాయనం) తయారుచేసిన కంపెనీలు ఆ పని మానేసి, దాదాపు 2,440 టన్నుల విషపు బురదను వదిలేశాయి; చుట్టుపక్కల బావుల నీరు రంగు మారి తాగడానికే కాదు, సేద్యానికి కూడా పనికిరాకుండా పోయింది. కాలుష్యం చేసినవాడే శుద్ధి ఖర్చూ భరించాలని 1996 ఫిబ్రవరిలో తీర్పు రాసినది మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. అయితే కంపెనీలు పిటిషన్ల మీద పిటిషన్లు వేసి ఆలస్యం చేయగా, 2011లో సుప్రీంకోర్టు 37.385 కోట్ల రూపాయలను 12 శాతం చక్రవడ్డీతో కట్టమనవలసి వచ్చింది. బాధ్యత ఎంత స్పష్టంగా తేలినా డబ్బు రావడానికి 15 ఏళ్లు పట్టవచ్చన్నమాట. తొలగింపును వసూలుకు ముడిపెట్టకూడదని నేను పట్టుబట్టేది అందుకే.

డ్రమ్ములు వెళ్లిపోయినా మట్టిలో, భూగర్భ జలంలో దిగిన విషం మిగులుతుంది. దానికి 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. అనుమానిత స్థలాల జాబితాను స్థానిక సంస్థ లేదా జిల్లా యంత్రాంగం పంపాలి, మండలి 90 రోజుల్లో ప్రాథమిక అంచనా వేయాలి, అవసరమైతే మరో మూడు నెలల్లో వివరమైన సర్వే జరగాలి. బాధ్యులు దొరక్కపోతే శుద్ధి భారం ప్రభుత్వాలది. మీ గ్రామసభ తీర్మానం చేసి ఆ స్థలాన్ని జాబితాలో చేర్చమని కలెక్టరుకు పంపాలి. కాని ఇది నెలల తరబడి సాగే దారి. కారుతున్న డ్రమ్ములకు దీన్ని మందుగా చూపిస్తే ఒప్పుకోకండి.

పరిహారం విషయానికి వస్తే, జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం రెండో షెడ్యూలులో పాడి పశువులకు, పంటలకు జరిగిన నష్టం పేరు పెట్టి మరీ ఉంది. 15వ సెక్షన్ కింద పరిహారానికి ఐదేళ్ల గడువు ఉంది. తొలగింపు ఆదేశం వంటి ఇతర ఉపశమనాలకు 14వ సెక్షన్ కింద ఆరు నెలలే. తగిన కారణం చూపితే రెండింటికీ 60 రోజులు పెంచవచ్చు. తెలుగు రాష్ట్రాలు రెండూ చెన్నైలోని దక్షిణ ధర్మాసనం పరిధిలోకి వస్తాయి, ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు. ప్రమాదం వల్ల నష్టం జరిగితే ఎవరి తప్పూ రుజువు చేయకుండానే బాధ్యత మోపవచ్చని 17వ సెక్షన్ చెబుతుంది, అయితే నష్టం దానివల్లే జరిగిందని మీరు చూపాలి. గేదె చనిపోయినప్పుడు పశువైద్యాధికారి చేత పోస్టుమార్టం చేయించారా? చేయించి ఉంటే ఆ నివేదికే మీ కేసుకు వెన్నెముక. లేకపోతే కనీసం పంచనామా, పాల కేంద్రంలో మీ ఖాతా పుస్తకం, చుట్టుపక్కల రైతుల అఫిడవిట్లు సిద్ధం చేసుకోండి. పంట నష్టానికి వ్యవసాయాధికారి పరిశీలన నివేదిక అడగండి. బోరు నీటిని గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్ష చేయించి నివేదికను అర్జీకి జతచేయవచ్చు. అయితే న్యాయస్థానంలో పూర్తి బలం ఉండేది చట్టప్రకారం మండలి సేకరించి, సీలు వేసిన నమూనాకే. అందుచేత ‘మా సమక్షంలో నమూనా తీయండి’ అన్న కోరికను కూడా అర్జీలో చేర్చండి.

వర్షాలు ముగిసేలోగా కదలిక లేకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి వెనుకాడవద్దు. కుంటలోకి రసాయనం మొదటిసారి వచ్చిన తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి, మీ ఆరు నెలల లెక్క ఆ రోజు నుంచే నడుస్తోంది. ఈలోగా ఆ బోరు నీటిని తాగడానికీ వంటకూ పశువులకూ వాడకండి. ట్యాంకరు నీటి కోసం ఎంపీడీవోకు వేరే కాగితం ఇవ్వండి, ఆ నకలును కూడా దాచి ఉంచండి.