మిగిలిన సెలవుల డబ్బు అడిగి తీసుకో

అమ్మలూ,

ఉద్యోగం మారుతున్నావని తెలిసి సంతోషించాను. రాజీనామా మెయిల్ పంపే ముందు ఆఫీసు పోర్టల్‌లో నీకు ఇంకా ఎన్ని సెలవులున్నాయో చూసి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. మెయిల్ వెళ్లాక లాగిన్ ఎప్పుడు ఆపేస్తారో చెప్పలేం.

ఈ డబ్బు అడగడానికి చాలామంది మొహమాటపడతారు. ఎందుకు? జీతంతో కూడిన సెలవు నువ్వు పనిచేసి సంపాదించుకున్నదే కదా. ఉద్యోగం మానేసినప్పుడు వాడుకోని సెలవుకు పరిహారం దక్కాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1970లోనే 132వ ఒప్పందంలో రాసింది. దాన్ని అన్ని దేశాలూ ఆమోదించలేదు కాబట్టి నువ్వు పనిచేసే చోట చట్టం ఏముందో చూసుకోవాలి. యూరోపియన్ యూనియన్‌లో ఏడాదికి కనీసం 4 వారాల సెలవు హక్కు. ఉద్యోగంలో ఉండగా ఆ సెలవుకు బదులు డబ్బిచ్చి సరిపెట్టడం కుదరదు, మానేసినప్పుడు మాత్రం మిగిలినదానికి చెల్లించి తీరాలి. అమెరికాలో ఫెడరల్ చట్టం అసలు దీని జోలికే పోదు, అంతా రాష్ట్రాన్ని బట్టి. కాలిఫోర్నియాలో జమ అయిన సెలవు జీతం కిందే లెక్క, వాడకపోతే పోయినట్టే అనే రూలు అక్కడ చెల్లదు. కొన్ని రాష్ట్రాల్లో కంపెనీ పాలసీ ఎలా ఉంటే అలా. అందుకే నీ అపాయింట్‌మెంట్ లెటర్, లీవ్ పాలసీ రెండూ తీరిగ్గా చదువు.

సెటిల్‌మెంట్ కాగితం చేతికొచ్చాక కింద ఉన్న మొత్తం చూసి సరేననకు. సెలవుల వరస దగ్గర ఆగు. ఎన్ని రోజులు వేశారు? రోజుకు ఎంత చొప్పున కట్టారు? ఆ రేటు బేసిక్ మీదా, పూర్తి జీతం మీదా? రోజులు సరిగ్గానే ఉండి రేటు తగ్గితే చాలామంది గమనించరు. మిగిలిన సెలవుల్ని నోటీస్ పీరియడ్‌లో సర్దేశారేమో కూడా చూడు. నిన్ను అడక్కుండా సర్దితే, ఏ రూలు ప్రకారమో చెప్పమను.

ఏదడిగినా మెయిల్‌లోనే అడుగు. ఫోన్‌లో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. ‘నాకు రావలసిన బాకీ ఏమీ లేదు’ అన్న కాగితం మీద మాత్రం లెక్క తేలకుండా సంతకం పెట్టకు. ఎక్స్‌పీరియెన్స్ లెటర్ ఆపేస్తారేమోనన్న టెన్షన్‌తో ముందే సంతకం పెట్టేసి కష్టార్జితం వదులుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మర్యాదగా రెండుసార్లు రాసినా జవాబు రాకపోతే కార్మిక శాఖకు ఫిర్యాదు చెయ్యి. దానికి గడువు ఉంటుంది, ముందే కనుక్కో.

హెచ్‌ఆర్‌కు రాసే మెయిల్ పంపే ముందు ఒకసారి నాకు చూపించు.

ఆశీస్సులతో,
పెదనాన్న